ఎక్కింది ఎంత, మిషన్ చూపించింది ఎంత?

ఉదయగిరి కోట ఎక్కడం గురించి ఈ శీర్షికలో రాసిన దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే గోల. నా జీపీఎస్ ఇంత చూపించింది, మావాడిది అంత చూపించింది, ఎవరిది కరెక్టు అని. బూట్ల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ అడిగినవాళ్లు కాస్త ఓపిక పట్టండి, ఈసారి మొత్తం ఎత్తుల పంచాయితీకే సరిపోయింది.

ప్రశ్న: సార్, మేం ముగ్గురం ఉదయగిరి కోట ఎక్కి దిగొచ్చాం. ఒకే దారి, ఒకే టైము, ఒకరి వెనక ఒకరం. ఇంటికొచ్చి చూసుకుంటే మొత్తం ఎక్కిన ఎత్తు నా చేతి జీపీఎస్‌లో 930 మీటర్లు, మా బావమరిది దాంట్లో 705, మూడోవాడి ఫోను యాప్‌లో 640. నాది కొత్తది, మోడల్ నంబరు కింద రాశాను. మా బావమరిది కనపడినప్పుడల్లా "రెండొందల మీటర్లు ఎక్కువ ఎక్కావుగా బావా, కాళ్లు నొప్పులు తగ్గాయా" అంటున్నాడు. నా మిషన్ పాడైందా? (కావలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పాడవలేదండీ, షాపుకు వెళ్లి గొడవ పెట్టుకోకండి. మీరు రాసిన మోడల్‌లో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ లేదు, మీ బావమరిది దాంట్లో ఉండే ఉంటుంది, కనుక్కోండి. పైకి చూస్తే ఇవన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. గార్మిన్ ఈట్రెక్స్‌నే తీసుకుంటే 22ఎక్స్‌లో బారోమీటర్ ఉండదు, 32ఎక్స్‌లో ఉంటుంది, డబ్బా మీద చిన్నక్షరాలు చదివితే తప్ప తెలియదు.

బారోమీటర్ లేని మిషన్‌కి ఎత్తు తెలియాలంటే శాటిలైట్లే దిక్కు, ఆ శాటిలైట్లేమో అన్నీ నెత్తి మీదే ఉంటాయి. మిమ్మల్ని తూర్పు నుంచి ఒకరు, పడమర నుంచి ఒకరు, ఉత్తరం దక్షిణం నుంచి ఇంకో ఇద్దరు తాళ్లు కట్టి లాగి పట్టుకుంటే పక్కకి పెద్దగా కదల్లేరు కదా. అదే పైనుంచి మాత్రమే లాగేవాళ్లుండి కింద నుంచి పట్టేవాడు ఒక్కడూ లేకపోతే పైకీ కిందికీ ఊగుతారు. కింద శాటిలైట్ ఉన్నా భూమి అడ్డం కాబట్టి దాని సిగ్నల్ మనదాకా రాదు. అందుకే ఆరుబయట అడ్డూ అదుపూ లేని చోట పక్కకి 5 మీటర్ల లోపు తేడాతో చెప్పే పరికరం కూడా ఎత్తు దగ్గరకొచ్చేసరికి దానికి ఒకటిన్నర నుంచి మూడు రెట్లు తప్పుతుంది. ఇక కొండ పక్కన, బండల సందున నడుస్తుంటే సగం ఆకాశం మూసుకుపోయి, సిగ్నల్ బండకి కొట్టుకుని తిరిగొచ్చి, ఇంకా ఘోరం.

అయినా ఆ తప్పు ఒక్కటే అయితే మీకు 930 వచ్చేది కాదు. తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటే, ఉదాహరణకి రోజంతా 20 మీటర్లు ఎక్కువే చూపిస్తుంటే, కిందా ఎక్కువే పైనా ఎక్కువే, తీసివేస్తే పోతుంది. అసలు చిక్కంతా ఆ ఊగడంలో ఉంది. మొత్తం ఎక్కిన ఎత్తు అనేది జమ మాత్రమే రాసి ఖర్చు రాయని చిట్టా లాంటిది. 3 మీటర్లు పైకి ఊగితే జమ, మళ్లీ 3 మీటర్లు కిందికి ఊగితే అది ఈ చిట్టాలోకి రాదు, దిగిన ఎత్తు అనే ఇంకో చిట్టాలోకి పోతుంది. మళ్లీ పైకి ఊగితే మళ్లీ జమ.

మీరు పైకెళ్లాక చెట్టు కింద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారనుకోండి, మిషన్ మాత్రం ఆన్‌లోనే ఉంది. నిమిషానికి ఒకసారి 3 మీటర్లు పైకీ కిందికీ ఊగినా గంట తిరిగేసరికి 180 మీటర్లు ఎక్కేసినట్టు రాసుకుంటుంది. మీరు అంగుళం కదల్లేదు, చెయ్యి కూడా కడుక్కోలేదు. నా అనుమానం మీ 930లో పెద్ద వాటా ఆ పులిహోరదే.

ఇలా కాకుండా ఉండటానికే చాలా మిషన్లూ యాప్‌లూ ఒక గీత పెట్టుకుంటాయి, ఇంతకంటే తక్కువ ఎక్కితే లెక్కలోకి తీసుకోను అని. నడకలూ పరుగులూ రాసిపెట్టే స్ట్రావా యాప్ అయితే బారోమీటర్ లెక్క ఉన్న నడకకి 2 మీటర్లు, లేనిదానికి 10 మీటర్లు ఆగకుండా ఎక్కితేనే జమ రాస్తుంది. ఆ గీత పైన పెడితే ఊగిసలాట పోతుంది గానీ, దారిలో నిజంగా ఎక్కి దిగిన చిన్నచిన్న గట్లు కూడా దాంతోపాటే పోతాయి. కింద పెడితే గట్లూ వస్తాయి, చెత్తా వస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో చోట గీస్తుంది, ఎక్కడ గీసిందో చాలామంది చెప్పరు. మీ మూడోవాడి యాప్ 640 అందంటే అది గీత పైన పెట్టి ఉండాలి, లేదా మీ దారిని మ్యాపు మీద పరిచి మ్యాపులో ఉన్న ఎత్తులు తీసుకుని ఉండాలి. అందుకే ఒకే నడకకి మూడు లెక్కలు. ముగ్గురు కూలీలు ఒకే కుప్పని మూడు వేరువేరు మానికలతో కొలిచినట్టు.

నేను రిటైరయ్యే ముందు చాలా ఏళ్లు కాలవ పనుల్లో లెవెళ్లు తీశాను. డంపీ లెవెల్ అనే దుర్భిణీ పరికరంతో, స్టాఫ్ అనే కొలతల కర్ర పట్టుకునే మనిషితో, ఎండలో. పది వేల అడుగులకి ఒక అడుగు వాలు ఇవ్వాల్సిన కాలవలో తప్పు చేస్తే నీళ్లు వెనక్కి వస్తాయి, రైతులు ఆఫీసుకొస్తారు. అప్పట్లో మాకున్న ఒకే ఒక నియమం, మొదలుపెట్టిన బెంచిమార్కు (ఎత్తు తెలిసిన గుర్తు) దగ్గరికే తిరిగొచ్చి లెక్క మూయాలి, మూస్తే వచ్చే తేడా ఎంతో చూడాలి. మీరూ అదే చెయ్యండి. ఎక్కి దిగి బయల్దేరిన చోటికే వచ్చారు కాబట్టి ఎక్కిన ఎత్తూ దిగిన ఎత్తూ సమానం కావాలి. 705 ఎక్కి 690 దిగినట్టు చూపిస్తే ఆ 15 మిషన్ లెక్క పక్కకి జరిగిన తేడా. కాకపోతే మీ 930కి ఈ పరీక్ష చాలదు, ఎందుకంటే ఊగిసలాట రెండు చిట్టాల్నీ సమానంగా పెంచుతుంది, 930 ఎక్కి 928 దిగినట్టు అందంగా చూపిస్తుంది. దానికి వేరే మందు: కూర్చున్నప్పుడల్లా రికార్డింగ్ ఆపెయ్యండి.

నన్నడిగితే మీ బావమరిది 705కే నా ఓటు. దాంట్లో కూడా ఆఖరి ముప్పై నలభై మీటర్ల మీద నేను పందెం కాయను. ఈ మాట ఆయనకి చెప్పకపోయినా ఫర్వాలేదు.

ప్రశ్న: అన్నా, ఆదివారం పిల్లల్తో మైపాడు బీచికి పోయినాం. నీళ్ల అంచున నిలబడి ఫోనులో జీపీఎస్ యాప్ తీస్తే ఎత్తు మైనస్ 84 అంటాంది. మా పాప "మనం సముద్రం అడుగున ఉన్నామా నాన్నా" అని ఒకటే నవ్వు. ఏంది ఈ కథ? (నెల్లూరు నుంచి)

జవాబు: పాపకి చెప్పు, నాన్న ఫోను అబద్ధం ఆడలేదని. నాకు వచ్చిన ప్రశ్నల్లో ఇష్టమైనది ఇదే తమ్ముడూ.

జీపీఎస్‌కి సముద్రం ఎక్కడుందో తెలియదు. దానికి తెలిసింది ఒక లెక్కల భూమి, కాస్త నొక్కిన బంతి ఆకారం, దాని పేరు డబ్ల్యూజీఎస్ 84. ఆ నున్నటి బంతి పైనుంచి నువ్వెంత ఎత్తులో ఉన్నావో చెబుతుంది. నిజం సముద్రం మాత్రం అంత నున్నగా ఉండదు. భూమి లోపల బరువు ఎక్కువ ఉన్నచోట నీళ్లు పోగుపడి ఉబ్బుతాయి, తక్కువ ఉన్నచోట గుంట పడుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద గుంట మన పక్కనే, శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, అక్కడ సముద్ర మట్టం ఆ లెక్కల బంతి కంటే సుమారు 106 మీటర్లు కింద ఉంటుంది. ఆ గుంట అంచు మన కోస్తా దాకా పాకింది కాబట్టి మన వైపు 80, 90 మీటర్ల మధ్య తేడా వస్తుంది. నీ యాప్ ఆ సర్దుబాటు చెయ్యకుండా పచ్చి లెక్క చూపించింది, అంతే. ఒంగోలు వాళ్లు కొత్తపట్నం బీచిలో నిలబడి చూసినా ఇదే తంతు.

చేతిలో పట్టుకునే జీపీఎస్‌లలో ఈ గుంటల పట్టిక ముందే ఎక్కించి ఉంటుంది, అందుకని అవి బీచిలో సున్నాకి అటూఇటూ చూపిస్తాయి. ఫోను యాప్‌లలో కొన్ని చేస్తాయి, కొన్ని చెయ్యవు. సెట్టింగ్స్‌లో సముద్ర మట్టం అనో జియాయిడ్ అనో ఒక ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యి. కొండ ఎక్కిన లెక్కకి మాత్రం దీంతో ఏ ఇబ్బందీ లేదు, కిందా 84 తక్కువే, పైనా 84 తక్కువే.

ప్రశ్న: గురువుగారూ, నా జీపీఎస్‌లో బారోమీటర్ ఉంది. ఆఫీసు టేబుల్ మీద పెడితే పొద్దున పదింటికి ఒక ఎత్తు, సాయంత్రం నాలుగింటికి ఇంకో పాతిక ముప్పై మీటర్లు ఎక్కువ చూపిస్తోంది. రోజూ ఇదే. మా బిల్డింగు లేస్తోందా? (ఒంగోలు, బ్యాంకు ఉద్యోగి)

జవాబు: బిల్డింగు ఎక్కడికీ పోదు, గాలే పడుతూ లేస్తూ ఉంటుంది. మీ మిషన్ కొలిచేది ఎత్తుని కాదు, నెత్తి మీదున్న గాలి బరువుని. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే సుమారు 8 మీటర్లకు పైగా ఎక్కినట్టు లెక్క కట్టుకుంటుంది. అది కొండెక్కడం వల్ల తగ్గిందా, వాతావరణం మారడం వల్ల తగ్గిందా అనేది దానికి తెలియదు.

మనలాంటి ఉష్ణమండలంలో గాలి ఒత్తిడి సముద్రపు పోటుపాట్లలాగే రోజుకి రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున పది ప్రాంతంలోనూ రాత్రి పది ప్రాంతంలోనూ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకీ సాయంత్రం నాలుగుకీ తక్కువ. పగటిపూట ఆ తేడా 3, 4 హెక్టోపాస్కళ్లు ఉంటుంది. అంటే మీరు చెప్పిన పాతిక ముప్పై మీటర్లే. గడియారం కట్టుకున్నంత క్రమంగా జరుగుతుంది ఇది. చల్లటి దేశాల్లో రాసిన యూజర్ మాన్యువల్స్‌లో దీని ఊసే ఉండదు, ఎందుకంటే అక్కడ రోజువారీ పోటు చిన్నది, వాతావరణం మార్పే పెద్దది.

కొండ మీద దీని ప్రభావం చూడండి. తెల్లవారి ఆరింటికి బయల్దేరి పదింటికి పైకి చేరారంటే ఆ నాలుగు గంటల్లో ఒత్తిడి పెరుగుతూ వచ్చింది, కాబట్టి ఎక్కినదాంట్లో పదిహేను ఇరవై మీటర్లు మిషన్ మింగేస్తుంది. ఎండెక్కాక పదకొండింటికి మొదలుపెట్టి మూడింటికి చేరినవాడికి అంతకంతా కలుపుతుంది. అదే కొండ, పొద్దున లేచినవాడికే నష్టం!

తుపాను వస్తే ఇక చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చినప్పుడు నెల్లూరులో మా ఇంట్లో కరెంటు లేక, ఏం తోచక, అల్మారాలో ఉన్న మిషన్ తీసి ముందు పెట్టుకు కూర్చున్నా. తుపాను దగ్గరికొచ్చేకొద్దీ ఇల్లు పైకి పోతానే ఉంది, నూరు మీటర్లు దాటింది. బాపట్ల దగ్గర తీరం దాటాక మళ్లీ దిగటం మొదలుపెట్టింది. మా ఆవిడ వచ్చి "ఏం చూస్తున్నారు" అంటే "ఇల్లు దిగుతోంది" అన్నా.

మీ టేబుల్ సమస్యకి మందు సులువు. బారోమీటర్ సెట్టింగ్స్‌లో ఎత్తు స్థిరం, ఎత్తు మారుతుంది అని రెండు పద్ధతులు ఉంటాయి. ఒకచోట ఉంచినప్పుడు మొదటిది పెట్టండి, అప్పుడు ఒత్తిడి మారితే వాతావరణం ఖాతాలో వేసుకుంటుంది. కొండకి వెళ్లేటప్పుడు రెండోదానికి మార్చడం మాత్రం మర్చిపోకండి, మర్చిపోతే పైదాకా ఎక్కినా ఎక్కడం సున్నా అంటుంది. ఆటో కాలిబ్రేషన్ అనే ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది జీపీఎస్ ఎత్తుని చూసుకుంటూ బారోమీటర్‌ని మెల్లగా దారిలో పెడుతుంది. రోజంతా నడిచేవాళ్లకి అది ఆన్‌లో ఉండటమే మంచిది.

ప్రశ్న: మేం టీచర్లం నలుగురం సెలవుల్లో కొండలు ఎక్కుతాం. మా ఊరి కొండ డిసెంబరులో ఎక్కితే 410 మీటర్లు, మేలో ఎక్కితే 393. బారోమీటర్ ఉన్న మిషనే, రెండుసార్లూ కింద ఎత్తు సరిచేసుకునే ఎక్కాం. ఎండకి కొండ కరిగిందా? (కనిగిరి)

జవాబు: ఎండకి గాలి పలచబడింది మేడమ్. ఒత్తిడిని ఎత్తుగా మార్చే లెక్క అంతర్జాతీయంగా ఒప్పుకున్న ఒక గాలి నమూనా మీద నడుస్తుంది, అందులో సముద్ర మట్టం దగ్గర వేడి 15 డిగ్రీలు. మన జిల్లాల్లో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి అరుదు. వేడి గాలి తేలిక, కాబట్టి అదే ఒత్తిడి తగ్గడానికి ఎక్కువ ఎత్తు ఎక్కాలి, మిషన్‌కి అది తెలియదు. పది డిగ్రీల తేడాకి సుమారు మూడున్నర శాతం తక్కువ చెబుతుంది. 35 డిగ్రీల్లో నిజంగా 600 మీటర్లు ఎక్కితే 555 దగ్గర ఆగుతుంది, 22 డిగ్రీల్లో అయితే 580 దాకా వస్తుంది. మీ 410కీ 393కీ మధ్య నిష్పత్తి దీనికి అతికినట్టు సరిపోయింది, బహుశా ఆటో కాలిబ్రేషన్ ఆపి ఉంటారు. రెండూ తక్కువే, మీరు రెండుసార్లూ అంతకంటే ఎక్కువే ఎక్కారు.

రోహిణి కార్తెలో కొండలెక్కే టీచర్లకి నేను చెప్పాల్సింది బారోమీటర్ గురించి కాదు, నీళ్ల గురించి. అది ఇంకోసారి తిట్టుకుందాం.

ప్రశ్న: ఎత్తు సరిచేసుకోవాలంటే కచ్చితంగా తెలిసిన ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? గూగుల్‌లో చూసి వేసుకోవచ్చా? (గిద్దలూరు)

జవాబు: మీ ఊరి రైల్వే స్టేషన్‌కి పదండి. ప్లాట్‌ఫాం చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఇంత అని రాసి ఉంటుంది చూశారా, అది కొలిచి రాసింది. గిద్దలూరు, మార్కాపురం రోడ్డు, దొనకొండ, ఇటు వస్తే సింగరాయకొండ, కావలి, బిట్రగుంట, ఎక్కడైనా సరే. టీ తాగుతూ ఆ అంకె మిషన్‌లో కొట్టుకుని బయల్దేరొచ్చు. పట్టాల మట్టానికీ మీ చేతికీ ఉన్న రెండు మీటర్ల తేడాకి దిగులు పడకండి.

కొండల మీద అయితే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, అంటే ఎత్తులు కూడా గీసిన పటం. 50 వేలకి ఒకటి స్కేలు షీట్లలో 20 మీటర్ల ఎత్తుకో గీత ఉంటుంది, శిఖరాల దగ్గర అంకె వేసి ఉంటుంది.

ఆన్‌లైన్ మ్యాపుల్లో ఎత్తుకి చాలావాటికి ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో తీసిన లెక్క. మన కార్టోశాట్-1 ఉపగ్రహం కూడా, 2005 మేలో శ్రీహరికోట నుంచి ఎగిరింది, అలాంటి ఎత్తుల పటమే ఇచ్చింది, ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్ భువన్‌లో దొరుకుతుంది. రెండూ గొప్ప పనులే. కానీ చేతికి దొరికేవి 30 మీటర్లకో చుక్క లెక్కన ఉంటాయి. మైదానంలో దివ్యంగా పనిచేస్తాయి. నల్లమల లాంటి చోట అడవి దట్టంగా ఉంటే నేల బదులు చెట్ల కొమ్మల ఎత్తు కొంత కలుస్తుంది. ఇక నిటారు వాలు మీద అడ్డంగా పోయే కాలిబాట ఉందనుకోండి, మీ జీపీఎస్ పది మీటర్లు పక్కకి చూపిస్తే మ్యాపు ప్రకారం మీరు లోయలోకి పడి మళ్లీ పైకి లేచినట్టు, అలా నాలుగుసార్లు. నడిచేది చదునైన బాట, లెక్కలో మాత్రం వంద మీటర్ల ఎక్కుడు. కాబట్టి ఒక చోటి ఎత్తు తెలుసుకోవడానికి మ్యాపు వాడండి, కాలిబాట మొత్తం ఎక్కుడు లెక్కకి వద్దు.

ప్రశ్న: బారోమీటర్ ఉన్నదీ కొన్నాం, కాలిబ్రేషన్ చేశాం, అయినా ఒక్కోసారి ఉన్నట్టుండి పది మీటర్లు గెంతుతోంది. (పొదిలి)

జవాబు: మిషన్ వెనకో పక్కనో సన్నటి రంధ్రాలు ఉంటాయి, గాలి లోపలికి వెళ్లేది అక్కణ్ణుంచే. చెమటతో, దుమ్ముతో, వాన పడితే చుట్టిన ప్లాస్టిక్ కవర్‌తో అవి మూసుకుపోతాయి. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, గుండుసూది మాత్రం పెట్టకండి. ఈదురుగాలి నేరుగా కొట్టినా, ఏసీ కారులోంచి తలుపు తీసి దిగినా గెంతుతుంది.

ప్రశ్న: ఇవన్నీ చదివాక బుర్ర తిరుగుతోంది. మా ఊరి గుట్ట ఎంతెత్తో తెలుసుకోవాలి, అంతే. ఎలా? (చీమకుర్తి, డిగ్రీ విద్యార్థి)

జవాబు: బారోమీటర్ ఉన్న మిషన్ అడిగి తెచ్చుకో. మొత్తం ఎక్కిన ఎత్తు అనే గడి వైపే చూడకు, ఆ నిమిషం ఎత్తు చూపించే గడి చూడు. ఆటో కాలిబ్రేషన్ ఆపెయ్యి, ఎత్తు మారుతుంది అనే పద్ధతిలో పెట్టు. గుట్ట కింద నిలబడి అంకె, టైము రాసుకో. పైకెక్కి రాసుకో. ఎంతసేపు ఎక్కావో అంతసేపట్లోనే దిగి, మొదట నిలబడ్డ రాయి దగ్గరే నిలబడి మళ్లీ రాసుకో. కింద 40, పైన 152, మళ్లీ కింద 46 అనుకుందాం. కింది రెంటి సగటు 43, కాబట్టి గుట్ట 109. వాతావరణం జరిపిన ఆ 6 మీటర్లూ అలా సగటులో కొట్టుకుపోతాయి. ఆ రోజు వేడి 35 ఉంటే 109కి ఇంకో ఎనిమిది కలుపుకో.

మెట్లున్న గుట్టయితే ఇంకా హాయి. స్కేలు పెట్టి ఒక ఇరవై మెట్ల ఎత్తు కొలిచి సగటు తీసి, మొత్తం మెట్లతో గుణించు. నేను నరసింహకొండలో అలా లెక్కపెట్టుకుంటూ ఎక్కుతుంటే వెనకొచ్చే పెద్దావిడ ఏం మొక్కు నాయనా అని అడిగింది. ఆమెకి జవాబు చెప్పేలోపు లెక్క తప్పిపోయి మళ్లీ కిందికి దిగొచ్చా.